వేవర్ పాసైతే సరిపోతుందా? అమెరికాలో మన విద్యార్థుల హెల్త్ ఇన్సూరెన్స్ సంగతులు

(ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటల లిఖిత రూపం ఇది. చదువుకోవడానికి వీలుగా అక్కడక్కడా చిన్న మార్పులు చేశాం.)

 

ఆగస్టు వచ్చిందంటే ఇక్కడి తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో మూడు ప్రశ్నలు తిరుగుతుంటాయి. రూమ్ ఎక్కడ దొరుకుతుంది? ఎయిర్‌పోర్ట్ పికప్ ఎవరైనా ఇస్తారా? మూడోది, "యూనివర్సిటీ ఇన్సూరెన్స్ చాలా ఎక్కువ ఉంది బ్రో, వేవర్‌కి ఏది చీప్?" ఇవాళ ఈ మూడో ప్రశ్న గురించే మాట్లాడుకుందాం.

ప్రశ్నలో తప్పేమీ లేదండి. బ్యాంకు లోన్ మీద వచ్చిన పిల్లలు ప్రతి వంద డాలర్లూ లెక్కపెట్టుకోవాల్సిందే. కాకపోతే ఆ ప్రశ్నకి జవాబు దొరకగానే చాలామంది అక్కడితో ఆగిపోతారు. యూనివర్సిటీ ఒప్పుకుంది, ఫీజు బిల్లులోంచి ఆ లైను పోయింది, ఇక పనైపోయినట్టే అనుకుంటారు. నేను ఇవాళ చెప్పదలుచుకున్నది ఇదీ: యూనివర్సిటీ ఒప్పుకోవడం వేరు, మనకి జబ్బు చేసిన రోజు ఆ ప్లాన్ ఆదుకోవడం వేరు. పైగా డిగ్రీ చేతికొచ్చాక యూనివర్సిటీ అడగడం మానేస్తుంది. మన ఒంటికి మాత్రం ఆ సంగతి తెలియదు కదా!

ముందు, ఈ రూల్ ఎవరు పెట్టారు?

చాలామంది "వీసా రూల్ కాబట్టి ఇన్సూరెన్స్ తీసుకోవాలి" అనుకుంటారు. ఎఫ్-1 వీసా మీద వచ్చినవాళ్లకి ఇది నిజం కాదు. ఎఫ్-1 విద్యార్థి ఇన్సూరెన్స్ తీసుకుని తీరాలని ఫెడరల్ ప్రభుత్వం ఎక్కడా చెప్పలేదు. జే-1 వాళ్లకి మాత్రం చెప్పింది, అంకెలతో సహా. ఒక్కో జబ్బుకి లేదా ప్రమాదానికి కనీసం 1,00,000 డాలర్ల కవరేజీ ఉండాలి. వైద్యం కోసం స్వదేశానికి తరలించాల్సి వస్తే 50,000, మనిషి చనిపోతే భౌతికకాయాన్ని ఇంటికి పంపడానికి 25,000 ఉండాలి. డిడక్టిబుల్ ఒక్కో జబ్బుకి 500 డాలర్లు దాటకూడదు. జే-2 మీద వచ్చిన భార్యకి, భర్తకి, పిల్లలకి కూడా ఇదే రూలు.

మన తెలుగు పిల్లల్లో ఎక్కువమంది ఎఫ్-1 మీదే వస్తారు. వాళ్లకి రూల్ పెట్టేది యూనివర్సిటీ, కొన్నిచోట్ల రాష్ట్రం. మాసచుసెట్స్‌లో చూడండి, కాలేజీ విద్యార్థికి హెల్త్ ఇన్సూరెన్స్ ఉండాలన్నది రాష్ట్ర చట్టమే. మిగతా చోట్ల ఒక్కో యూనివర్సిటీది ఒక్కో పద్ధతి. కొన్ని తమ ప్లాన్ తప్ప ఇంకోటి ఒప్పుకోవు. కొన్ని తమ షరతులకి సరిపోయే బయటి ప్లాన్ చూపిస్తే వేవర్ ఇస్తాయి. అసలు అడగనివి కూడా ఉన్నాయి. అడగలేదు కాబట్టి అక్కర్లేదు అనుకోవద్దు. వాళ్లు అడగలేదు, అంతే.

వేవర్‌కి గడువు ఉంటుంది, సాధారణంగా సెమిస్టర్ మొదట్లోనే. అది దాటితే యూనివర్సిటీ ప్లాన్ ఫీజు మీ అకౌంట్‌లో దానంతట అదే పడుతుంది. తీయించడం చాలా కష్టం. కాబట్టి అడ్మిషన్ లెటర్ వచ్చిన వారంలోనే ఆ తేదీ రాసిపెట్టుకోండి.

ఇంకో చిన్న గందరగోళం. ఫీజు రసీదులో "హెల్త్ ఫీ" అని ఒక లైను ఉంటుంది. అది చూసి "మాకు ఇన్సూరెన్స్ కట్ అయిపోయింది" అనుకునేవాళ్లు ఉన్నారు. అది క్యాంపస్‌లో ఉండే హెల్త్ సెంటర్ నడపడానికి కట్టే రుసుము. జ్వరం వస్తే డాక్టర్‌కి చూపించుకోవడానికి పనికొస్తుంది. బయట హాస్పిటల్‌లో ఆపరేషన్ అయితే ఆ లైను పైసా కట్టదు.

నాలుగు మాటలు, ఒక లెక్క

ఇన్సూరెన్స్ కాగితం నలభై పేజీలుంటుంది. అంతా చదవమని చెప్పను. నాలుగు మాటలు పట్టుకుంటే సగం అర్థమైనట్టే.

డిడక్టిబుల్ అంటే ప్లాన్ డబ్బు కట్టడం మొదలుపెట్టకముందు మన జేబులోంచి పోయేది. కోపే అంటే డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడల్లా కట్టే చిన్న మొత్తం. కోఇన్సూరెన్స్ అంటే డిడక్టిబుల్ దాటాక మిగిలిన బిల్లులో మన వాటా, ఇరవై శాతమో ముప్పై శాతమో. నాలుగోది అన్నిటికంటే ముఖ్యం, అవుట్ ఆఫ్ పాకెట్ మ్యాగ్జిమమ్. ఏడాది మొత్తం మీద మన చేతి నుంచి పోయే సొమ్ముకి అది హద్దు. ఆ హద్దు దాటాక నెట్‌వర్క్‌లోని వైద్యానికి, ప్లాన్ కవర్ చేసే ఖర్చంతా కంపెనీయే భరించాలి. ఒబామాకేర్ చట్టం కిందకి వచ్చే ప్లాన్లకి ఈ హద్దు 2026లో ఒక మనిషికి 10,600 డాలర్లు దాటకూడదు. చాలా యూనివర్సిటీ ప్లాన్లలో అంతకంటే తక్కువే ఉంటుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసం నేను వేసుకున్నవే. అపెండిసైటిస్ వచ్చి ఆపరేషన్ అయింది, రెండు రోజులు హాస్పిటల్‌లో ఉన్నారు, బిల్లు 30,000 డాలర్లు అనుకుందాం.

మొదటి ప్లాన్‌లో డిడక్టిబుల్ 500, కోఇన్సూరెన్స్ 20 శాతం, హద్దు 4,000. మీరు 500 కట్టాక 29,500 మిగిలింది. అందులో 20 శాతం అంటే 5,900. రెండూ కలిపితే 6,400. కానీ హద్దు 4,000 కాబట్టి మీరు కట్టేది 4,000 మాత్రమే.

రెండో ప్లాన్ ఏడాదికి 1,500 డాలర్లు చవక. కానీ అందులో ఒక పట్టిక ఉంటుంది: ఆపరేషన్‌కి 3,000 దాకా, గదికి రోజుకి 1,000, పరీక్షలకి 500. రెండు రోజులకి మొత్తం కలిపితే ప్లాన్ ఇచ్చేది 5,500. మిగతా 24,500 మీదే. 1,500 మిగిల్చుకున్నాం అనుకున్నది, చివరికి 20,500 ఎక్కువ కట్టించింది.

దీన్ని పట్టుకోవడం ఎలాగంటే, ప్లాన్ పైన "మ్యాగ్జిమమ్ బెనిఫిట్ 1,00,000" అని పెద్దక్షరాల్లో ఉన్న అంకె చూసి సంతోషపడకండి. లోపల ఒక్కో సేవకి విడివిడిగా ఎంత ఇస్తారో చూడండి.

చవక ప్లాన్‌లో ఏం వెతకాలి?

బయటి ప్లాన్లన్నీ చెడ్డవని నేను అనడం లేదు. కొన్ని బాగానే ఉంటాయి. కొనేముందు ఈ ఐదూ అడగండి.

ఒకటి, ఇంతకుముందే ఉన్న జబ్బులు కవర్ అవుతాయా? మన పిల్లల్లో థైరాయిడ్, ఆస్తమా, పీసీఓడీ ఉన్నవాళ్లు తక్కువేం కాదు. ఒబామాకేర్ కిందకి వచ్చే ప్లాన్ పాత జబ్బు ఉందని కాదనకూడదు. ట్రావెల్ ఇన్సూరెన్స్ తరహా ప్లాన్లు చాలావరకు కాదంటాయి, లేదా కొన్ని నెలలు ఆగమంటాయి.

రెండు, మానసిక ఆరోగ్యం ఉందా? కౌన్సెలింగ్, మందులు, అవసరమైతే హాస్పిటల్ ఖర్చు చేర్చారా? చవక ప్లాన్లలో మొదట కోత పడేది ఇక్కడే.

మూడు, నెట్‌వర్క్. మీ ఊళ్లో, మీ క్యాంపస్ దగ్గర్లో ఉన్న పెద్ద హాస్పిటల్ ఆ నెట్‌వర్క్‌లో ఉందా? కంపెనీ వెబ్‌సైట్‌లో వెతికి, హాస్పిటల్‌కి కూడా ఒకసారి ఫోన్ చేసి అడగండి.

నాలుగు, వేటిని కవర్ చేయరు? ఆ పేజీ పేరు "ఎక్స్‌క్లూజన్స్". ఆటల్లో తగిలిన దెబ్బలు, మద్యం తాగి ఉన్నప్పుడు జరిగిన ప్రమాదాలు, గర్భం, ప్రసవం ఇవన్నీ అక్కడే ఉంటాయి. వారాంతంలో క్రికెట్ లీగ్ ఆడేవాళ్లు ఆ పేజీ తప్పకుండా చదవాలి.

ఐదు, ఇండియాలో కొన్న స్టూడెంట్ పాలసీ అయితే ఇక్కడి హాస్పిటల్‌కి కంపెనీ నేరుగా కడుతుందా, లేక ముందు మనం కట్టి తర్వాత అడగాలా? మీ యూనివర్సిటీ ఆ పాలసీని వేవర్‌కి ఒప్పుకుంటుందా? రెండూ రాతపూర్వకంగా తెలుసుకున్నాకే కొనండి.

చవక ప్లాన్‌లో కనపడని లోటు ఇంకోటి ఉంది. 2022 జనవరి 1 నుంచి "నో సర్‌ప్రైజెస్ యాక్ట్" అమల్లో ఉంది. ఎమర్జెన్సీలో నెట్‌వర్క్ బయటి హాస్పిటల్‌కి వెళ్లాల్సి వచ్చినా, అదనపు బిల్లు మన నెత్తిన వేయకూడదని ఆ చట్టం చెబుతుంది. అది మామూలు హెల్త్ ఇన్సూరెన్స్‌కి వర్తిస్తుంది. షార్ట్ టర్మ్ ప్లాన్లకీ, ట్రావెల్ తరహా ప్లాన్లకీ వర్తించదు. అంటే చవక ప్లాన్ కొన్నప్పుడు కవరేజీతోపాటు ఈ రక్షణ కూడా వదులుకుంటున్నాం.

ఒంట్లో బాగాలేకపోతే ఎక్కడికి?

మన దగ్గర 108కి ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తుంది, డబ్బు అడగదు. ఇక్కడ 911కి చేస్తే వస్తుంది, తర్వాత బిల్లు కూడా వస్తుంది. రోడ్డు మీద వెళ్లే అంబులెన్స్‌కి ఇందాక చెప్పిన చట్టం వర్తించదు. ఈ భయంతోనే కొంతమంది ఛాతీలో నొప్పి వచ్చినా ఊబర్ బుక్ చేసుకుంటున్నారు. దయచేసి అలా చేయకండి. ఛాతీ నొప్పి, ఊపిరి ఆడకపోవడం, స్పృహ తప్పడం, ఆగని రక్తస్రావం, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం, ఇలాంటివైతే 911. బిల్లు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మిగతా వాటికి ఒక వరస ఉంది. జ్వరం, జలుబు, చర్మం మీద దద్దుర్లు లాంటివాటికి ముందు క్యాంపస్ హెల్త్ సెంటర్. అది మూసేసి ఉంటే, లేదా కాలు బెణికింది, రెండు కుట్లు పడాలి అంటే అర్జెంట్ కేర్. ప్రాణం మీదకి వచ్చిందనిపిస్తే ఎమర్జెన్సీ రూమ్. ఎమర్జెన్సీలో చూపించుకుంటే అర్జెంట్ కేర్‌కి చాలా రెట్లు ఖర్చవుతుంది.

"ఇన్సూరెన్స్ లేకపోతే హాస్పిటల్ వాళ్లు చూడరట కదా" అని ఒక ప్రశ్న తరచూ వస్తుంది. 1986 నాటి ఎంటాలా అనే ఫెడరల్ చట్టం ప్రకారం, మెడికేర్ తీసుకునే హాస్పిటల్ ఎమర్జెన్సీకి ఎవరు వచ్చినా పరీక్ష చేయాలి, పరిస్థితి నిలకడగా అయ్యేదాకా చికిత్స ఇవ్వాలి. డబ్బుందా, ఇన్సూరెన్స్ ఉందా అన్నది అడ్డు కాకూడదు. కానీ ఉచితం అని చట్టం చెప్పలేదు. బిల్లు ఇంటికి వస్తుంది.

మనసు బాగాలేనప్పుడు కూడా ఇదే సంగతి. లోన్ ఒత్తిడి, ఉద్యోగం రాకపోవడం, ఇంటికి చెప్పుకోలేకపోవడం, వీటితో లోలోపల నలిగిపోతున్నవాళ్లు మన మధ్యే ఉన్నారు. చాలా క్యాంపస్‌లలో కౌన్సెలింగ్ సెంటర్ ఉంటుంది, విద్యార్థులకి కొన్ని సెషన్లు ఉచితంగా ఇస్తారు. 988కి రాత్రి పగలు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పంపొచ్చు. దానికి ఇన్సూరెన్స్ అక్కర్లేదు.

బిల్లు వచ్చాక కంగారు పడకండి

మొదట ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఒక కాగితం వస్తుంది, ఈఓబీ అంటారు. దాని మీద "ఇది బిల్లు కాదు" అని రాసి ఉంటుంది. హాస్పిటల్ ఎంత అడిగింది, ప్లాన్ ఎంత కట్టింది, మీ వాటా ఎంత అన్నది అందులో ఉంటుంది. హాస్పిటల్ బిల్లు వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. అంకెలు కలవకపోతే కట్టకుండా ముందు ఫోన్ చేయండి. ఏ సేవకి ఎంత వేశారో విడివిడిగా రాసిన బిల్లు అడగండి.

కంపెనీ "మేం కట్టం" అంటే అది ఆఖరి మాట కాదు. ఒబామాకేర్ కిందకి వచ్చే ప్లాన్ అయితే, నోటీసు అందిన 180 రోజుల్లోపు అప్పీల్ చేసుకోవచ్చు. అక్కడా కాదంటే, కంపెనీతో సంబంధం లేని బయటివాళ్లు పరిశీలించాలని అడిగే హక్కు చాలా కేసుల్లో ఉంటుంది.

ఇంకొకటి, మనవాళ్లకి చాలామందికి తెలియనిది. లాభాపేక్ష లేని హాస్పిటల్స్, అంటే పన్ను మినహాయింపు ఉన్నవి, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి బిల్లు తగ్గించే విధానం రాతపూర్వకంగా పెట్టి తీరాలి. పేరు "ఫైనాన్షియల్ అసిస్టెన్స్". మొదటి బిల్లు వచ్చిన నాటి నుంచి 240 రోజుల దాకా దరఖాస్తు తీసుకోవాలి. ఎవరికి ఇస్తారన్న షరతులు హాస్పిటల్‌ని బట్టి మారతాయి. క్రెడిట్ కార్డు గీకేముందు ఆ ఫారం అడగండి. అడిగినంత మాత్రాన పరువు పోదు.

డిగ్రీ అయ్యాక వచ్చే ఖాళీ

ఇవాళ్టి ఎపిసోడ్‌లో ఒక్క భాగమే గుర్తుపెట్టుకుంటానంటే, ఇది పెట్టుకోండి.

మే నెలలో గ్రాడ్యుయేషన్ అనుకుందాం. చాలా యూనివర్సిటీ ప్లాన్లు ఆగస్టులో ముగుస్తాయి. ఓపీటీ కార్డు వచ్చింది, ఉద్యోగాల వేట నడుస్తోంది. ఓపీటీలో మొత్తం 90 రోజులకి మించి ఖాళీగా ఉండకూడదు కాబట్టి తలలో ఆ గడియారమే తిరుగుతుంటుంది. అక్టోబరు 1న ఉద్యోగంలో చేరారు. కంపెనీ ఇన్సూరెన్స్ మొదటి రోజే రావాలని లేదు. 90 రోజుల దాకా ఆగమనడానికి చట్టం ఒప్పుకుంటుంది. అంటే డిసెంబరు చివరి దాకా. ఆగస్టు మధ్య నుంచి లెక్కపెడితే నాలుగున్నర నెలలు ఏ ఇన్సూరెన్సూ లేదు. ఇక చిన్న కన్సల్టెన్సీల సంగతంటారా, యాభైమంది కంటే తక్కువ ఫుల్ టైమ్ ఉద్యోగులు ఉన్న కంపెనీ అసలు ఇన్సూరెన్స్ ఇవ్వకపోయినా ఫెడరల్ జరిమానా లేదు. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు ఈ మాట అడగాలి.

ఈ నాలుగున్నర నెలల్లో మీ చేత ఎవరూ ఇన్సూరెన్స్ కొనిపించరు. యూనివర్సిటీ అడగదు, ఓపీటీ రూల్ అడగదు. లోన్ కిస్తీ నెత్తి మీద ఉంటుంది. అందుకే "రెండు నెలలే కదా, ఏమవుతుందిలే" అనిపిస్తుంది. కొత్త ఊరు, కొత్త కారు, రాత్రిపూట డ్రైవింగ్, ఇవన్నీ కూడా ఆ నెలల్లోనే.

దారులు నాలుగున్నాయి. మొదటిది, గ్రాడ్యుయేట్ అయ్యాక ఇంకొన్ని నెలలు యూనివర్సిటీ ప్లాన్ పొడిగించుకోవచ్చా అని అడగడం. కొన్ని ఒప్పుకుంటాయి, కాకపోతే ప్లాన్ ముగియకముందే అడగాలి. రెండోది, భార్యకో భర్తకో ఉద్యోగం ఉంటే వాళ్ల కంపెనీ ప్లాన్‌లో చేరడం. మీ పాత కవరేజీ పోయిన 30 రోజుల్లోపు అడగాలి. మూడోది, మార్కెట్‌ప్లేస్, అంటే హెల్త్‌కేర్ డాట్ గవ్ లేదా మీ రాష్ట్రం సొంత సైటు. ఎఫ్-1 మీద చట్టబద్ధంగా ఉన్నవాళ్లు అక్కడ ప్లాన్ కొనుక్కోవచ్చు. కవరేజీ పోయిన తేదీకి 60 రోజులు ముందూ, 60 రోజులు తర్వాతా అవకాశం ఉంటుంది. ప్రీమియంలో ప్రభుత్వం ఇచ్చే సాయం మాత్రం 2025లో వచ్చిన చట్టం వల్ల 2027 జనవరి నుంచి ఎఫ్-1 వాళ్లకి ఉండదు. అప్పుడు పూర్తి ధర కట్టాలి. నాలుగోది, ఓపీటీ వాళ్ల కోసమని అమ్మే ప్రైవేటు ప్లాన్లు. ఇందాకటి ఐదు ప్రశ్నలూ వీటికీ వేయండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ 60 రోజుల అవకాశం రావాలంటే, పోయిన ప్లాన్ చట్టం గుర్తించే కవరేజీ అయి ఉండాలి. ట్రావెల్ తరహా ప్లానో, షార్ట్ టర్మ్ ప్లానో ముగిస్తే అది లెక్కలోకి రాదు. అప్పుడు నవంబరు 1న మొదలయ్యే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ దాకా ఆగాలి. కవరేజీ ఆ తర్వాతి జనవరికి గానీ మొదలవదు. రెండేళ్ల కిందట వేవర్ కోసం తీసుకున్న నిర్ణయం ఇక్కడ ఎదురొస్తుంది.

ఉద్యోగం వచ్చాక లేఆఫ్ అయితే కోబ్రా అని ఒకటుంది. ఇరవైమంది, ఆపైన ఉద్యోగులున్న కంపెనీల్లో పాత ప్లాన్‌నే పూర్తి ధర కట్టి కొనసాగించుకోవచ్చు. నిర్ణయానికి కనీసం 60 రోజులు ఇస్తారు. ఆ లోపు చేరి బకాయి ప్రీమియం కడితే, కవరేజీ పోయిన రోజు నుంచే లెక్క.

అమ్మానాన్నలకి ఒక మాట

ఈ ఎపిసోడ్ గుంటూరులోనో కరీంనగర్‌లోనో కూర్చుని వింటున్న తల్లిదండ్రులు ఉంటారు. మీకు మూడు విషయాలు.

అబ్బాయికైనా అమ్మాయికైనా 18 ఏళ్లు దాటాయంటే, ఇక్కడి చట్టం ప్రకారం వైద్య వివరాలు వాళ్ల సొంతం. మీరు ఇండియా నుంచి హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే చాలాసార్లు ఏమీ చెప్పరు. వచ్చిన మొదటి నెలలోనే పిల్లలు క్యాంపస్ హెల్త్ సెంటర్‌లో అనుమతి ఫారం మీద మీ పేరు రాయాలి. ఇక్కడే ఉన్న నమ్మకమైన స్నేహితుడి పేరో, బంధువు పేరో కూడా ఇస్తే మంచిది. ఇన్సూరెన్స్ కార్డు రెండు వైపులా ఫొటో తీసి మీ ఫోన్‌కి పంపమనండి.

రెండోది, పళ్లూ కళ్లూ ఇండియాలోనే చూపించి పంపండి. విద్యార్థుల ప్లాన్లలో ఇవి చాలావరకు విడిగా కొనుక్కోవాలి. రోజూ వేసుకునే మందులుంటే డాక్టర్ చీటీ ఇంగ్లీషులో, మందు జెనరిక్ పేరుతో రాయించి ఇవ్వండి.

మూడోది చెప్పడం కష్టమే, అయినా చెప్పాలి. ఇక్కడ మన పిల్లల్లో ఎవరైనా ప్రమాదంలో పోయినప్పుడు, భౌతికకాయాన్ని ఊరికి చేర్చడానికి విరాళాలు అడిగే పోస్టు మనందరి ఫోన్లకీ వస్తుంది. మనవాళ్లు ఇస్తారు. తెలుగు సంఘాలు పరుగెత్తుతాయి, ఇండియన్ కాన్సులేట్ కాగితాల పని చూస్తుంది. ఆ మంచితనం గొప్పది. కానీ బిడ్డని పోగొట్టుకున్న ఇల్లు ఆ రోజు డబ్బు లెక్కలు చూసుకోవాల్సిన అవసరం ఉండకూడదు. జే-1 వాళ్లకి ప్రభుత్వమే ఆ కవరేజీ తప్పనిసరి చేసింది. ఎఫ్-1 వాళ్లకి ఎవరూ చేయలేదు కాబట్టి మనమే చూసుకోవాలి. ప్లాన్‌లో "రిపాట్రియేషన్" అన్న మాట ఉందా, ఎంత ఉంది? ఆ ఒక్క లైను వెతకండి.

సరే, ఈ వారం చేయాల్సిన పనులు చెప్పి ముగిస్తాను. మీ ప్లాన్ ఏ తేదీన ముగుస్తుందో చూసి, దానికి రెండు నెలల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. అవుట్ ఆఫ్ పాకెట్ మ్యాగ్జిమమ్ ఎంతో చూడండి. ఆ మాటే మీ ప్లాన్‌లో కనపడకపోతే జాగ్రత్త పడాల్సిన సమయం వచ్చినట్టే. దగ్గర్లో ఉన్న అర్జెంట్ కేర్ ఒకటి, నెట్‌వర్క్‌లో ఉన్న హాస్పిటల్ ఒకటి, రెండు పేర్లు రాసుకోండి. మీ రూమ్మేట్‌తో కూడా ఇదే చేయించండి. రాత్రి రెండింటికి మిమ్మల్ని తీసుకెళ్లేది వాళ్లే కాబట్టి, ఆ పేర్లు వాళ్లకీ తెలియాలి.

మీ యూనివర్సిటీ రూల్స్ గురించి అనుమానాలుంటే ముందు ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీస్‌ని అడగండి. అక్కడ తేలనివి మాకు రాయండి, వచ్చే ఎపిసోడ్‌లలో మాట్లాడుకుందాం. కొత్తగా వస్తున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఇది పంపండి.

ఆరోగ్యం జాగ్రత్త. ఉంటానండి, నమస్తే.